కుర్ర మిడ్‌ఫీల్డర్ ఇప్పటికే ఎలైటా? ఫుట్టీలో తేల్చుకునే పద్ధతి

మార్చిలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (వాళ్ల భాషలో ఫుట్టీ) పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్ సీజన్ మొదలై రెండు మూడు వారాలు కాకముందే ఎవరో ఒక 19 ఏళ్ల కుర్రాడు వరసగా రెండు మ్యాచ్‌లు ఇరగదీస్తాడు. ఇక మెల్‌బోర్న్ ఆఫీసుల్లో లంచ్ టేబుల్ దగ్గర, మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ఇతను ఎప్పుడో ఎలైట్ అయిపోయాడని ఒకరు, అప్పుడే ఎక్కడ అని ఇంకొకరు. గంట వాదించుకున్నా తేలదు. ఒకరు ఆ కుర్రాడు పాతికేళ్లు వచ్చేసరికి ఎంతవాడవుతాడో ఊహించి మాట్లాడుతుంటారు. రెండోవారు వచ్చే శనివారం ఎదుటి జట్టు కోచ్ ఇతని కోసం ప్రత్యేకంగా ప్లాన్ వేసుకోవాలా అక్కర్లేదా అని చూస్తుంటారు. కింద నేను చెప్పే పద్ధతి రెండోవారి కోసం.

ఫుట్టీ కొత్తగా చూస్తున్నవాళ్లకు నాలుగు ముక్కలు. మైదానంలో జట్టుకు 18 మంది. గోల్‌కు 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్య నుంచి వెళ్తే బిహైండ్, దానికి 1 పాయింట్. బంతిని కాలితో తన్నాలి, లేదా ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి అందించాలి, దీన్నే హ్యాండ్‌బాల్ అంటారు. ఆట ఆగిన ప్రతిచోటా బంతి కోసం మొదట పోరాడేది మిడ్‌ఫీల్డర్. మ్యాచ్ మొత్తంలో 12 నుంచి 15 కిలోమీటర్ల దాకా పరుగెడతాడు. అందుకే అందరి కళ్లూ అతని మీదే.

1. గీత ఎక్కడో ముందు తేల్చుకోండి

ఏఎఫ్ఎల్‌కు అధికారిక గణాంకాలు ఇచ్చే సంస్థ చాంపియన్ డేటా. ఆ సంస్థ లెక్కలో ఎలైట్ అంటే ఒక స్థానంలో ఆడేవాళ్లలో పై 10 శాతం. మనమూ అదే గీత పెట్టుకుందాం. లీగ్‌లో 18 క్లబ్బులు. ఒక్కో క్లబ్బులో మధ్యలో క్రమం తప్పకుండా తిరిగేవాళ్లు ఐదారుగురు. మొత్తం దాదాపు వంద మంది. అంటే ఎలైట్ కుర్చీలు అటూ ఇటూగా పది.

ఒక కాగితం తీసుకుని ఈ రోజు మీరు అత్యుత్తమం అనుకునే పది మంది మిడ్‌ఫీల్డర్ల పేర్లు రాయండి. కుర్రాడి పేరు రాయొద్దు. జాబితా పూర్తయ్యాక అతన్ని ఎక్కించాలంటే ఎవరి పేరు కొట్టేస్తారో చెప్పండి. చాలా వాదనలు ఇక్కడే ఆగిపోతాయి. లీగ్‌లో పెద్ద పేర్లైన బాంటెంపెల్లీని తీసేస్తావా, నిక్ డేకోస్‌ని తీసేస్తావా అని అడిగితే అంతవరకూ గట్టిగా అరిచినవాడు కూడా కాస్త తగ్గుతాడు.

వయసు మార్కులు కలపొద్దు. 'ఈ వయసుకు అద్భుతం' అనేది మంచి మెప్పే, కాకపోతే వేరే మెప్పు. మేటి కుర్ర ఆటగాడికి 1993 నుంచి ఇస్తున్న రైజింగ్ స్టార్ అవార్డు, 22 ఏళ్ల లోపువాళ్లతో వేసే 22 అండర్ 22 జట్టు, ఇవన్నీ తోటి కుర్రాళ్లతో పోటీ. ఎలైట్ పోటీ పెద్దవాళ్లతో. అలాగని కుర్రాళ్లకు అది అందనిదేమీ కాదు. క్రిస్ జడ్ 2004లో 21 ఏళ్లకే బ్రౌన్‌లో మెడల్ (సీజన్‌లో మేటి ఆటగాడికి అంపైర్ల ఓట్లతో ఇచ్చేది) గెలిచాడు. మార్కస్ బాంటెంపెల్లీ 2016లో 20 ఏళ్ల వయసులో ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులోకి (ఏడాది మేటి ఆటగాళ్లతో వేసే జట్టు) వచ్చాడు, అదే ఏడాది అతని క్లబ్ వెస్టర్న్ బుల్‌డాగ్స్ 1954 తర్వాత మొదటిసారి ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచింది. సామ్ వాల్ష్ 2021లో 21 ఏళ్లకు 30 బ్రౌన్‌లో ఓట్లు తెచ్చుకున్నాడు. వీళ్లెవరికీ వయసు చూసి మినహాయింపు ఇవ్వాల్సిన పని రాలేదు.

2. అసలు అతను మధ్యలో ఆడుతున్నాడా?

నవ్వకండి, చాలామంది చూడని విషయం ఇదే. టీమ్ షీట్‌లో మిడ్‌ఫీల్డర్ అని రాసినంత మాత్రాన అతను ఆ పనే చేస్తున్నట్టు కాదు.

ప్రతి క్వార్టర్ మొదట్లోనూ, ప్రతి గోల్ తర్వాతా ఆట మైదానం నడిమధ్య నుంచి మొదలవుతుంది. ఆ సమయంలో ఒక్కో జట్టు నుంచి మధ్యలో గీసిన చదరంలో, అంటే సెంటర్ స్క్వేర్‌లో, ఉండగలిగేది నలుగురే. ఒకరు రక్‌మ్యాన్ (గాల్లోకి లేచి బంతిని తనవాళ్ల వైపు తట్టే పొడుగాటి ఆటగాడు), మిగిలిన ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు. ఆ ముగ్గురిలో మన కుర్రాడు ఎన్నిసార్లు ఉన్నాడో చెప్పే లెక్కను సెంటర్ బౌన్స్ అటెండెన్స్ అంటారు. ఫాంటసీ ఆడేవాళ్లు వారం వారం ఈ లెక్క వెంట పడతారు కాబట్టి వెతికితే తేలిగ్గానే దొరుకుతుంది. నా మటుకు నేను సగం కంటే తక్కువసార్లు స్క్వేర్‌లో ఉన్నవాణ్ని ఎలైట్ మిడ్‌ఫీల్డర్ చర్చలోకే తీసుకోను. మంచి ఆటగాడు కాదని కాదు, ఆ పరీక్ష ఇంకా రాయలేదని.

హ్యారీ షీజెల్ 2023లో నార్త్ మెల్‌బోర్న్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే 34 డిస్పోజల్స్ (కిక్‌లు, హ్యాండ్‌బాల్‌లు కలిపి) తెచ్చుకున్నాడు. ఆ ఏడాది రైజింగ్ స్టార్ అతనే, క్లబ్ మేటి ఆటగాడికి ఇచ్చే బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ కూడా అతనే. అయితే ఆ సీజన్‌లో అతను ఎక్కువగా ఆడింది హాఫ్ బ్యాక్‌లో, అంటే మిడ్‌ఫీల్డ్ వెనక డిఫెన్స్ వరసలో. అక్కడ బంతి ఎదురుగా వస్తుంది, ఆట మొత్తం కళ్లముందు కనిపిస్తుంది, తల ఎత్తి చూసి తన్నడానికి క్షణం దొరుకుతుంది. మధ్యలో వెనక నుంచి ఎవరు మీద పడతారో తెలియదు. నిక్ డేకోస్ కూడా 2022లో తొలి ఏడాది ఎక్కువగా హాఫ్ బ్యాక్‌లోనే ఆడి రైజింగ్ స్టార్ గెలిచాడు. స్టాపేజ్‌ల దగ్గర, అంటే ఆట ఆగి మళ్లీ మొదలయ్యే చోట్ల, ఏం చేయగలడో తెలిసింది ఆ తర్వాతే.

3. డిస్పోజల్స్ లెక్కను విప్పి చూడండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. టీవీలో మొదట కనిపించేదీ, ఎక్కువగా మోసం చేసేదీ ఈ అంకే కాబట్టి.

డిస్పోజల్ అంటే ఒక కిక్ లేదా ఒక హ్యాండ్‌బాల్. రెండు మీటర్ల దూరంలో ఉన్నవాడికి అందించినా ఒకటే, 50 మీటర్లు తన్ని ఫార్వర్డ్ చేతుల్లో పెట్టినా ఒకటే. 2018 మొదటి రౌండ్‌లో టామ్ మిచెల్ కాలింగ్‌వుడ్ మీద 54 డిస్పోజల్స్‌తో రికార్డు పెట్టాడు, ఆ ఏడాది బ్రౌన్‌లో కూడా గెలిచాడు. అయినా అతని ఆట ఎదుటి జట్టును ఎంత దెబ్బతీస్తుందనే చర్చ ఆ తర్వాతా ఆగలేదు. టీ20లో 40 బంతులకు 40 కొట్టినవాడి స్కోరు మాత్రమే చెప్పి బంతుల సంగతి దాచేస్తే ఎలా ఉంటుందో, డిస్పోజల్స్ మాత్రమే చెప్పడమూ అలాగే ఉంటుంది.

అందుకని మ్యాచ్ అయ్యాక గణాంకాలు తెరిచి ఈ వరసలో చూడండి.

మొదట కంటెస్టెడ్ పొసెషన్స్. ఇద్దరు ముగ్గురు కొట్టుకుంటున్న బంతిని గెలుచుకున్న సందర్భాలు ఇవి. నికరంగా ఆడే మిడ్‌ఫీల్డర్‌కు మ్యాచ్‌కు పది దాటుతుంటే గమనించాల్సిందే. ఒక చిన్న మెలిక ఉంది. ఫ్రీ కిక్ దక్కినా కంటెస్టెడ్ లెక్కలోకే వస్తుంది. ఒకే మ్యాచ్‌లో అంకె ఒక్కసారిగా పెరిగితే ఫ్రీ కిక్స్ ఎన్నో కూడా ఓసారి చూసుకోండి.

తర్వాత క్లియరెన్స్‌లు. ఆట ఆగిన చోటు నుంచి బంతిని బయటికి పంపినవాడికి దక్కే లెక్క ఇది. ఇందులో సెంటర్ క్లియరెన్స్‌లను విడిగా చూడండి. 2019లో వచ్చిన 6-6-6 నిబంధన (వెనక, మధ్య, ముందు ఆరుగురు చొప్పున నిలబడాలి) వల్ల ఆ సమయంలో ఫార్వర్డ్ లైన్‌లో ఖాళీ ఎక్కువ. అక్కడ గెలిచిన బంతి నేరుగా గోల్ వైపు వెళ్లే అవకాశం ఎక్కువ. బౌండరీ దగ్గర గెలిచిన బంతికి అంత విలువ ఉండదు.

ఇక డిస్పోజల్ ఎఫిషియెన్సీ. 80 శాతం అని కనిపిస్తే అబ్బో అనుకుంటాం. నిర్వచనం తెలిస్తే అంత తొందరపడం. 40 మీటర్లు దాటిన కిక్ మన జట్టుకు కనీసం సగంసగం అవకాశం ఉన్న పోటీలో పడినా చాలు, అది సరైన కిక్ కిందే లెక్క. 40 మీటర్ల లోపు కిక్ అయితే మాత్రం మనవాడికి అందాలి. అంటే గుంపులోకి గుడ్డిగా పొడుగ్గా తన్నేవాడి శాతం కూడా బాగానే కనిపించవచ్చు. మరోవైపు గుంపు మధ్యలో చిక్కుకుని, మీద ఇద్దరు వేలాడుతుండగా బంతి బయటికి తోసేవాడి శాతం తక్కువగా కనిపిస్తుంది. మీరు చూసే కుర్రాడు 65 శాతం దగ్గర ఉన్నాడంటే వెంటనే తీసిపారేయకండి, ఆ బంతులు ఎక్కడ దొరికాయో చూడండి.

చివరగా స్కోర్ ఇన్‌వాల్వ్‌మెంట్స్ (స్కోర్‌తో ముగిసిన వరసల్లో చేయి వేసినవి), మీటర్స్ గెయిన్డ్ (బంతిని ముందుకు జరిపిన దూరం), టర్నోవర్స్ (బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకున్నవి). ఇవి మూడూ కలిపి చూడాలి. 30 డిస్పోజల్స్ ఉండి స్కోర్‌తో ముగిసిన వరసల్లో మూడింటిలోనే పేరు ఉందంటే, అతను బంతిని జరుపుతున్నాడు తప్ప మ్యాచ్‌ను జరపడం లేదు. 21 డిస్పోజల్స్‌లో ఎనిమిది స్కోర్ల దాకా వెళ్లాయంటే అతని మీద ఒక కన్నేసి ఉంచండి.

ఫాంటసీ ఆడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఏఎఫ్ఎల్ ఫాంటసీలో కిక్‌కు 3, హ్యాండ్‌బాల్‌కు 2, మార్క్‌కు (తన్నిన బంతిని గాల్లోనే పట్టుకుంటే) 3, ట్యాకిల్‌కు 4 పాయింట్లు. బంతిని నేరుగా ప్రత్యర్థి చేతిలో పెట్టినా కిక్‌కు 3 వస్తాయి, టర్నోవర్‌కు కోత లేదు. సూపర్‌కోచ్ అనే ఇంకో ఫాంటసీ ఆట కొంత నయం, అక్కడ బంతి ఎలా దొరికింది, ఎలా వాడాడు అన్నదానికి విలువ ఉంటుంది. మీ ఫాంటసీ జట్టులో 110 సగటు తెస్తున్నాడని ఎవరినీ ఎలైట్ చేయకండి. మీ లీగ్‌లో డబ్బులు గెలవండి, అంతే.

4. ఒక క్వార్టర్ అతన్ని మాత్రమే చూడండి

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. మనకు కావాల్సింది బంతి లేనప్పుడు కుర్రాడు ఏం చేస్తున్నాడని. అందుకని వీలైతే స్టేడియానికి వెళ్లండి. ఎంసీజీలో అయినా, డాక్‌లాండ్స్‌లోని మార్వెల్ స్టేడియంలో అయినా పై అంతస్తులో గోల్ వెనక సీటు తీసుకోండి. సెంటర్ వింగ్ సీట్లకంటే చవగ్గానూ దొరుకుతుంది, ఆట ఆకారమూ బాగా కనిపిస్తుంది. ఇండియా నుంచి చూసేవాళ్లకు వాచ్ ఏఎఫ్ఎల్ సర్వీసే దిక్కు. అక్కడ కనీసం సెంటర్‌లో ఆట మొదలయ్యే క్షణాలనైనా వెనక్కి తిప్పి మళ్లీ చూడొచ్చు.

ఒక క్వార్టర్ మొత్తం, అంటే టైమ్ ఆన్‌తో (ఆట ఆగినందుకు కలిపే సమయం) కలిపి దాదాపు అరగంట, బంతిని వదిలేసి అతన్నే చూడండి. మొదట్లో కష్టంగా ఉంటుంది, చుట్టూ జనం అరిచినప్పుడల్లా తల తిరుగుతుంది. అలవాటయ్యాక ఆటే వేరుగా కనిపిస్తుంది.

రక్‌మ్యాన్ గాల్లోకి లేచే ముందు ఎక్కడ నిలబడ్డాడో చూడండి. మామూలు కుర్రాళ్లు బంతి పడ్డాక పరుగు మొదలెడతారు. ఎలైట్ ఆటగాడు పడబోయే చోటికి అప్పటికే కదులుతుంటాడు. బంతి చేతికి వచ్చిన మొదటి అడుగు ఎటు పడిందో గమనించండి. ఒత్తిడి ఉన్న వైపు నుంచి బయటికి పడితే మంచిది. వచ్చిన వైపే వెనక్కి తిరిగి ట్యాకిల్‌లో ఇరుక్కుపోతుంటే, బలం చాలడం లేదనో, చుట్టూ చూసుకోకుండానే బంతి తీసుకుంటున్నాడనో అర్థం.

అన్నిటికంటే ముఖ్యం, ఎదుటి జట్టు క్లియరెన్స్ గెలిచిన తర్వాతి పది సెకన్లు. వెనక్కి తిరిగి తన మనిషిని పట్టుకోవడానికి పరుగెత్తాడా, లేక నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడా? ఇది గణాంకాల పేజీలో సరిగ్గా కనపడదు. ప్రత్యర్థి మీద ఎన్నిసార్లు ఒత్తిడి తెచ్చాడో చెప్పే ప్రెషర్ యాక్ట్స్ అనే లెక్క కొంత చెబుతుంది కానీ, అతను పరుగెత్తని పరుగులను ఏ లెక్కా చెప్పదు. కోచ్‌లు మాత్రం సోమవారం వీడియో రూమ్‌లో దీన్నే చూపించి తిడతారు. ముందుకు పరుగెత్తడంలో ఎలైట్, వెనక్కి పరుగెత్తడంలో టూరిస్ట్ అనిపించే కుర్రాళ్లు ప్రతి క్లబ్బులో ఒకరిద్దరు ఉంటారు.

నాలుగో క్వార్టర్ తప్పకుండా చూడండి. జట్టుకు మ్యాచ్‌కు 75 ఇంటర్‌చేంజ్‌లే (బెంచీ మీదివాళ్లతో మార్పిడులు) ఉంటాయి కాబట్టి అలసటకు దాక్కునే చోటు లేదు. మొదటి క్వార్టర్‌లో పది డిస్పోజల్స్, చివరిదాంట్లో రెండు అన్న నమూనా వారం వారం కనిపిస్తే శరీరం ఇంకా సిద్ధం కాలేదన్నమాట. 19 ఏళ్లకు అది తప్పేమీ కాదు. మన ప్రశ్నకు మాత్రం జవాబు అదే.

5. ట్యాగ్ వచ్చేదాకా ఆగండి

ఒక కుర్రాణ్ని ప్రత్యర్థి కోచ్‌లు నిజంగా లెక్కలోకి తీసుకున్నారనడానికి గుర్తు ట్యాగర్. అంటే తన ఆట మానుకుని మ్యాచ్ అంతా ఇతన్ని అంటిపెట్టుకుని ఉండే ఆటగాడు. ట్యాగ్ ఇంకా రాలేదంటే, మీరు చూస్తున్న అంకెలు ఎవరూ అడ్డుకోని అంకెలు.

2023లో 21వ రౌండ్‌లో హాథార్న్ ఫిన్ మగిన్నెస్‌ను నిక్ డేకోస్ మీదకి పంపింది. అప్పటిదాకా మ్యాచ్‌కు ముప్పై దాటి డిస్పోజల్స్ తెస్తున్నవాడికి ఆ రోజు దొరికినవి 5. అదే మ్యాచ్‌లో అతని మోకాలికి గాయమైంది కాబట్టి మొత్తం ట్యాగర్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ ఆ వారం అందరూ అడిగిన ప్రశ్న సరైనదే: దీన్ని దాటగలడా? గాయం నుంచి ప్రిలిమినరీ ఫైనల్‌కి తిరిగొచ్చాడు, అతని క్లబ్ కాలింగ్‌వుడ్ నాలుగు పాయింట్లతో ప్రీమియర్‌షిప్ గెలిచింది. మరుసటి ఏడాది 38 బ్రౌన్‌లో ఓట్లు తెచ్చుకున్నాడు. ప్యాట్రిక్ క్రిప్స్ 45తో రికార్డు పెట్టకపోయుంటే మెడల్ అతనిదే. 2025లో మళ్లీ 32 ఓట్లతో రెండో స్థానం. లీగ్‌లోని ప్రతి కోచ్ అతని కోసం ప్లాన్ వేసుకుంటున్న రోజుల్లో వచ్చిన ఓట్లివి. నాకు డేకోస్ ఎలైట్ అని తేలింది 2023 మొదట్లో చెలరేగినప్పుడు కాదు, ఆ ప్లాన్‌ల మధ్య ఇలా ఆడినప్పుడు.

ట్యాగ్ పడిన మ్యాచ్‌లో ఇవి చూడండి: చిరాకుపడి ఫ్రీ కిక్ ఇస్తున్నాడా? ట్యాగర్‌ను ఫార్వర్డ్ లైన్‌లోకి లాక్కెళ్లి గోల్ కొట్టగలుగుతున్నాడా? తనకు బంతి రాకపోయినా అడ్డుగా నిలబడి తోటివాడికి దారి ఇస్తున్నాడా? డిస్పోజల్స్ 14కి పడిపోయినా ఆఖరి రెండూ చేస్తే నేను మంచి మార్కులే వేస్తాను.

6. ఎన్ని మ్యాచ్‌లు చూడాలి?

ఇక్కడ మాట్ రోవెల్ కథ చెప్పుకోకుండా ముందుకెళ్లలేం. 2019 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) నంబర్ 1గా గోల్డ్ కోస్ట్ సన్స్‌కు వచ్చాడు. 2020లో 2, 3, 4 రౌండ్లలో, 18 ఏళ్ల వయసులో, వరసగా మూడు మ్యాచ్‌ల్లోనూ అంపైర్లు అతనికి పూర్తి 3 ఓట్లు వేశారు. దేశం మొత్తం ఊగిపోయింది. 5వ రౌండ్‌లో జీలాంగ్ మీద భుజం జారింది, సీజన్ అయిపోయింది. 5 మ్యాచ్‌లకు 9 ఓట్లు. 2021 మొదటి రౌండ్‌లోనే మోకాలి గాయం. ఆ తర్వాత చాలాకాలం అతను గుంపులో బంతి తీసి, ట్యాకిల్స్ మీద ట్యాకిల్స్ వేసే గట్టి ఆటగాడు మాత్రమే. బంతి బయట దొరికినప్పుడు దాన్ని వాడే తీరు మీద విమర్శలు ఉండేవి. 2025లో 39 ఓట్లతో బ్రౌన్‌లో గెలిచాడు, అప్పటికి 24 ఏళ్లు.

మరి 2020 జూన్‌లో రోవెల్ ఎలైటా? గాయం కాకపోతే అయ్యుండేవాడని చెప్పేవాళ్లు ఎందరో. అయ్యుండవచ్చు. నా తీర్పు మాత్రం కాదు అనే. అవి మూడు ఎలైట్ మ్యాచ్‌లు. ప్రత్యర్థులకు అతని మీద వీడియో లేదు, ట్యాగ్ లేదు, శరీరం పూర్తి సీజన్ దెబ్బలు తినలేదు. ఇంకో విషయం, కోవిడ్ వల్ల 2020లో క్వార్టర్లు 20 నిమిషాల నుంచి 16 నిమిషాలకు తగ్గించారు. ఆ ఏడాది అంకెలను ఎవరివైనా సరే మిగతా ఏళ్లతో పక్కపక్కన పెట్టి పోల్చకండి.

నా కొలత: దాదాపు 20 మ్యాచ్‌లు, అందులో ఎక్కువ భాగం మధ్యలో ఆడినవి, రెండు సీజన్ల మీద పరుచుకుని ఉంటే ఇంకా మేలు. ఇప్పుడు క్లబ్బుకు ఏడాదికి 23 మ్యాచ్‌లు ఉన్నాయి కాబట్టి ఇది పెద్ద కోరికేం కాదు. సగటును కాదు, చెత్త మ్యాచ్‌లను చూడండి. అత్యుత్తమ మ్యాచ్ ఎవరికైనా ఉంటుంది. అతని అయిదో చెత్త మ్యాచ్ కూడా జట్టుకు పనికొచ్చిందా అన్నది అసలు లెక్క.

7. ఎవరి మాట వినాలి

బ్రౌన్‌లో ఓట్లు ఫీల్డ్ అంపైర్లు వేస్తారు, మ్యాచ్‌కు 3, 2, 1. అంపైర్ బంతి దగ్గరే ఉంటాడు కాబట్టి బంతి దగ్గర ఉండే మిడ్‌ఫీల్డర్ కళ్లలో పడతాడు. అవి బయటపడేది సెప్టెంబర్‌లోనే. అంతకంటే నేను నమ్మేది కోచ్‌ల ఓట్లు. ఇద్దరు కోచ్‌లూ చెరో 5, 4, 3, 2, 1 వేస్తారు. పదికి పది వచ్చిందంటే ఓడిన కోచ్ కూడా ఇతనే అన్నమాట. ప్రతి రౌండ్ తర్వాత బయటికి వస్తాయి, ఉచితంగా చదువుకోవచ్చు. ముఖ్యంగా కుర్రాడి జట్టు ఓడిన మ్యాచ్‌ల్లో అతనికి ఓట్లు వచ్చాయా చూడండి.

డ్రాఫ్ట్ నంబర్ మర్చిపోండి. లాకీ నీల్ 58వ పిక్, రెండు బ్రౌన్‌లోలు. ఎరల్ గల్డెన్ 32, చాడ్ వార్నర్ 39. డ్రాఫ్ట్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు జరిగే శారీరక పరీక్షలు) 20 మీటర్ల పరుగు, 2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ అంకెలూ అంతే. అవి తలుపు దాకా తీసుకొస్తాయి.

రీల్స్ గురించి చెప్పేదేముంది. ఛాతీ మీద చేయి పెట్టి ప్రత్యర్థిని తోసేసే 'డోంట్ ఆర్గ్యూ' క్లిప్ పది సెకన్లు. మ్యాచ్ రెండు గంటలు.

8. పక్కన ఎవరున్నారో చూసి తూకం వేయండి

బ్రిస్బేన్‌లో విల్ యాష్‌క్రాఫ్ట్ పక్కన నీల్, డంక్లీ, మెక్‌క్లగేజ్ ఉన్నారు. ప్రత్యర్థి ట్యాగర్‌ను పంపాలంటే ముందు గుర్తొచ్చేది వాళ్ల పేర్లే. ఆ సౌకర్యాన్ని లెక్కలోంచి కొంత తీసేయాలి. కానీ ఫైనల్స్‌కు వేరే తూకం ఉంది. 2023 జూలైలో మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగి, మరుసటి ఏడాది మధ్యలో తిరిగొచ్చిన యాష్‌క్రాఫ్ట్ 2024 గ్రాండ్ ఫైనల్‌లో 20 ఏళ్లకు ఆ మ్యాచ్ మేటి ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ మెడల్ గెలిచాడు. 2025లో మళ్లీ అతనే. ఏడాదిలో అతి పెద్ద మ్యాచ్‌లో రెండుసార్లు మైదానంలో అందరికంటే మేటి అనిపించుకున్నవాణ్ని, రౌండ్ 9లో 18 డిస్పోజల్సే వచ్చాయని పక్కన పెట్టలేం. ఓడిన జట్టులో ఉండి 2005లో అదే మెడల్ గెలిచిన జడ్‌ని తలచుకుంటే, గ్రాండ్ ఫైనల్ మార్కుల బరువు ఇంకా బాగా తెలుస్తుంది.

బలహీన జట్టు కుర్రాడి సంగతి తిరగేసి ఉంటుంది. 2023 నంబర్ 1 పిక్ హార్లీ రీడ్ వెస్ట్ కోస్ట్‌లో ఆడుతున్నాడు. 2025లో ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అలాంటిచోట క్లియరెన్స్ గెలిచి ముందుకు తన్నినా అందుకునేవాళ్లు తక్కువ, స్కోర్ ఇన్‌వాల్వ్‌మెంట్స్ పెరగవు. ప్రత్యర్థి దృష్టి మొత్తం అతని మీదే. కాబట్టి అక్కడ కంటెస్టెడ్ పొసెషన్స్, సెంటర్ క్లియరెన్స్‌లు, నాలుగో క్వార్టర్ పరుగు చూడండి. గెలుపోటములు చూడకండి.

తీర్పు రాసేటప్పుడు

అవును, కాదు అని రెండే గదులు పెట్టుకుంటే ఇబ్బంది. నేను మూడు పెట్టుకుంటాను. 'ఇప్పటికే ఎలైట్' అంటే పది మంది జాబితాలో ఒకరిని తీసేసి ఇతన్ని ఎక్కించగలను, ఎవరడిగినా కారణం చెప్పగలను. 'ఒక పనిలో ఎలైట్' అంటే గుంపులో బంతి గెలవడంలోనో, బయట పరుగులోనో పై పదిలో ఉన్నాడు, మిగతాది సాగుతోంది. గాయాల తర్వాతి ఏళ్ల రోవెల్ ఈ గదిలోనే ఉండేవాడు. 'క్షణాల్లో ఎలైట్' అంటే క్వార్టర్‌లో రెండు నిమిషాలు మైదానంలో అతనికి సాటి లేదు, మిగతా ఇరవై ఎనిమిది నిమిషాలు వెతుక్కోవాలి.

2025 దాకా చూసిన ఆటను బట్టి డేకోస్‌ను మొదటి గదిలో పెట్టడానికి నాకు ఆలోచించే పని లేదు. యాష్‌క్రాఫ్ట్‌ను గ్రాండ్ ఫైనల్స్ చూసి మొదటి గదిలో, ట్యాగ్ పరీక్ష ఇంకా నిండలేదని గుర్తు రాసి పెడతాను. రీడ్ మూడో గదిలో. ఆ గది చిన్నదేమీ కాదు, 20 ఏళ్లకు అందులోకి రాలేనివాళ్లే ఎక్కువ. అతన్ని రెండో గదిలోకి మార్చడానికి నేను చూసేది ఒకటే: వెస్ట్ కోస్ట్ ముప్పై పాయింట్లు వెనకబడ్డ మ్యాచ్‌లో, చివరి క్వార్టర్‌లో, బంతి పోయాక అతను ఎటు పరుగెడుతున్నాడో.